టర్బో బండి చప్పుడు

"ఇయ్యాల నువ్వన్న ఉండాలె, ఆ చప్పుడన్న ఉండాలె!" అన్నాడు రాఘవేందర్, కారు తాళాలు బల్ల మీద విసిరేసి.

రాఘవేందర్ కరెంటాఫీసులో ఇంజినీరు. తిట్లు తింటున్న ఇస్రాయేలు గద్వాలలో మెకానిక్. పంచాయితీ అంతా ఆ కారు గురించే. సెకండ్ హ్యాండులో కొన్న టర్బో డీజిల్ బండి. ఎత్తు ఎక్కితే చాలు, లోపల ఎవరో సుత్తె పట్టుకొని కూర్చున్నట్టు ఇంజన్ కొట్టుకుంటుంది. మూడు నెలల్లో నాలుగుసార్లు షెడ్డుకొచ్చింది. నాలుగుసార్లూ బాగై పోయింది. వారం తిరక్కముందే మళ్ళీ అదే మోత.

"నేనేం జేస్త సార్? టర్బో గాలిని జోరుగ తోస్తది. గంత గాలికి సరిపోను డీజిల్ అందుతలేదు. నాజిళ్ళు కారుతున్నయి. అసలే పాత ఇంజన్."

"తెలుసు. అడిగొచ్చిన." రాఘవేందర్ డిక్కీ తీశాడు. కొత్త ఫీడ్ పంపు, నాలుగు కొత్త నాజిళ్ళు, లావు డీజిల్ పైపు, పెద్ద ఫిల్టరు. "అన్నీ తెచ్చిన. నా కండ్ల ముందట బిగియ్యి. అయ్యేదాంక నేనీడికెళ్ళి లేవ."

స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

ఇస్రాయేలు ఆ ఇంజన్ రోగం మొదటి రోజే కనిపెట్టాడు. మందూ తెలుసు. కావాలనే వేయలేదు. ఆ మోత మైలు దూరం వినిపిస్తుంది. వినగానే ఇటిక్యాల దారిలో రైతులు కరెంటు తీగలకు దొంగచాటుగా తగిలించిన కొండ్లు, ఆ ఇనుప కొక్కేలు, పీకేసి మాయమైపోతారు. వాళ్ళలో ఇస్రాయేలు సొంత అన్న యేసయ్య ఒకడు. అతని పల్లిచేను ఊడలు దిగి కాయ పట్టే దశలో ఉంది. ఇప్పుడు మోటారు ఎత్తుకుపోయి కేసు రాశారంటే ఆ చేను వారంలో బూడిద. దొంగ కరెంటంటారు ఆఫీసువాళ్ళు. మీటరు కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాడు ఇంకేం చేయాలి, చేనుకు ఉమ్మి పెట్టాలా?

"రేపు జేద్దాం సార్. జర నిమ్మళంగ…"

"రేపు లేదు! ఇయ్యాల వాండ్లు నాకు దొర్కాలె. బండి సప్పుడు ఇనంగనే ఉరుకుతరు. మూడు నెల్లాయె, ఒక్కని మొకం సూడలె నేను. ఈపులే సూసిన."

"బండి ఆడ్నే ఆపి, నడ్సుకుంట పోరాదుండ్రి?"

"పోయిన. కుక్కలు ఎంబడవడ్డయి."

ఇస్రాయేలు పానా పట్టాడు.

"చాయ్ తాగొస్త సార్."

"ఈడికే తెప్పిస్త."

"అర్జెంటు ఫోనుంది సార్. గీ పక్కనే ఎస్టీడీ డబ్బా."

"బిగిచ్చినంక చేస్కో."

మూడింటికల్లా బిగించడం అయిపోయింది. తాళం తిప్పగానే ఇంజన్ పిల్లి గురక తీసినట్టు మొదలైంది. తన చేతిపనికి ఇస్రాయేలు ఒక్క క్షణం మురిసిపోయాడు. ఆ వెంటనే అన్న చేను గుర్తొచ్చింది.

"ఎక్కు. ట్రయల్ సూద్దాం. ఇటిక్యాల దిక్కు."

ఫోను సంగతి నోట్లోనే ఉండిపోయింది. ఎక్కక తప్పలేదు. ఎత్తులన్నీ బండి చప్పుడు లేకుండా ఎక్కేస్తోంది. రోడ్డు మీది మేకలు దగ్గరికొచ్చేదాకా పక్కకు కూడా జరగలేదు. రాఘవేందర్ మాటిమాటికి గడియారం చూసుకుంటున్నాడు. ఇంకొక్క ఎత్తు ఎక్కి దిగితే అన్న చేను.

"ఆపుండ్రి సార్! కొత్త పైపు గద, కారుతుందేమో ఒక్కపారి సూస్త."

బానెట్ ఎత్తాడు. దాని చాటున డీజిల్ పైపు నట్టు అర చుట్టు వదులు చేశాడు. అంతే చాలు. డీజిల్‌తో పాటు గాలి కూడా లోపలికి పోతుంది.

ఎత్తు సగం ఎక్కేసరికి మొదలైంది. టక్. టక్ టక్. టకటకటక!

"ఏందిది?" రాఘవేందర్ స్టీరింగును గుద్దాడు.

ఎత్తుకు అవతల, కింద చేలో యేసయ్య తల ఎత్తాడు. కట్టెతో కొండ్లు లాగేశాడు. పరుగు. చుట్టుపక్కల చేలల్లోనూ అదే పరుగు. బండి గట్టు దగ్గరికొచ్చేసరికి అక్కడ మనిషన్నవాడు లేడు, మోటారు పైపులోంచి కారుతున్న నాలుగు నీటి బొట్లు తప్ప.

ఇస్రాయేలు గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు. "పాత ఇంజన్ సార్. జెప్పిన గద."

రాఘవేందర్ తిట్టలేదు. నొసలు కొట్టుకొని, సీటు కిందనుంచి కాయిదాల కట్ట తీసి ఇస్రాయేలు ఒళ్ళో పడేశాడు.

"కొండ్లేసినోళ్ళందరికి మీటర్లు ఇయ్యుమని ఆర్డరు. కేసు లేదు, జుర్మానా లేదు. రైతు నా ముందట ఏలిముద్ర ఎయ్యాలె, గంతే. ఆఫీసు గోడకు అంటిచ్చినం. గోడ సదువనీకె ఎవడొస్తడు? సర్పంచుకు జెప్దామని పోతే ఆయనకే రెండు కొండ్లున్నయి, ఆయన గూడ ఉరికిండు!"

"నాకెందుకు జెప్పలేదు సార్?" అన్నాడు ఇస్రాయేలు.

"నువ్వు బండి బాగుచేసెటోనివి. నీకెందుకు జెప్త?" రాఘవేందర్ మళ్ళీ గడియారం చూశాడు. "అయిదింటికి గడువు అయిపోతది. రేపటి సంది కేసులే."

ఇస్రాయేలు కారులోంచి దూకాడు. గట్టెక్కి రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "అన్నా! ఓ యేసయ్యన్నా! ఆగరాదే!"

చేను అవతల యేసయ్య ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. సొంత తమ్ముడే అంతగా గొంతు చించుకొని హెచ్చరిస్తున్నాడంటే ఇవాళ పట్టుకోకుండా వదలరనుకొని, పంచె ఎగ్గట్టి ఇంకా జోరుగా ఉరికాడు.