గోరువెచ్చని సీసా

గచ్చిబౌలిలోని పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో, ఇంజెక్షన్ వేళకి ఫ్రిజ్ తెరిచిన ఉమాశ్రీ పళ్ళు కొరికింది. హార్మోన్ పొడి సీసా, దాన్ని కలిపే నీళ్ళ సీసా మళ్ళీ తలుపు అరలోనే ఉన్నాయి, పెరుగు ప్యాకెట్ల పక్కన. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వేడి తగిలి మందు పాడవుతుందని, లోపలి అరలోనే పెట్టమని నర్సు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పిల్లల కోసం ఇంజెక్షన్లు పొడుచుకుంటున్న మూడో విడత ఇది. మొదటి రెండూ బూడిదలో పోసిన పన్నీరే.

నైట్ షిఫ్టులో ఉన్న భర్తకి ఫోన్ చేసింది.

"లోహిత్, నీకెన్నిసార్లు చెప్పాలి? మళ్ళీ తలుపులోనే పెట్టావు!"

"నేను ముట్టుకోలేదు ఉమా. పొద్దున్న నువ్వేగా లోపల పెట్టావు."

"అయితే సీసాలకి కాళ్ళొచ్చాయా?"

విసురుగా పొడి సీసా అందుకుంది. గోరువెచ్చగా ఉంది. అందులో పొడి లేదు. ఎవరో నీళ్ళు కలిపేశారు, సగం వాడేశారు కూడా. మందుని గట్టిగా ఊపకూడదని లోహిత్ ఇంట్లో ఉన్న రోజుల్లో సీసాని అరచేతుల మధ్య మెల్లగా దొర్లిస్తాడు. అప్పుడు అంటుకునే వెచ్చదనమే అది. దొర్లిస్తున్నంతసేపూ అతని ఉంగరం గాజుకి తగిలి టిక్ టిక్‌మంటుంది.

రేపటి సీసా కోసం లోపలి అరలో వెతికింది. లేదు.

పుట్టబోయే బిడ్డ కోసమని ఖాళీగా ఉంచిన గదిలోంచి మెల్లగా వినిపించింది. టిక్. టిక్.

"ఉమా," ఆ చప్పుడు విని అన్నాడు ఫోన్‌లో లోహిత్, "మందు ఎవరు కలుపుతున్నారు?"