పనస దుంగ మీద చెవి

సామిల్లులో పనస దుంగ మీదికి వాలిపోయి ఉంది ఒక ముసలామె.

"లేమ్మా, లే! అవి మృదంగాలకి చూసుకునే దుంగలు" అన్నాడు వీరబ్రహ్మం.

ఆమె లేవలేదు. చెవి దుంగకి ఆనించి వేలి కణుపుతో టకటకా కొట్టింది.

"పడుకోలేదు బాబూ. వింటున్నాను."

"ఏమంటోంది? కాఫీ అడిగిందా?"

కోత కూలీలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"ఆ నున్నటిది వద్దండి. లోపల బీటుంది. ఈ మచ్చలది పట్టుకెళ్ళండి."

పొయ్యిలోకి రంపపు పొట్టు ఏరుకునే మనిషి. చీర నిండా పొట్టే.

వీరబ్రహ్మానికి ఒళ్ళు మండింది.

"మా నాన్న ఎవరో తెలుసా? రాజమండ్రిలో ఆయన చెవికి దణ్ణం పెట్టేవారు. దుంగ ఏరడానికొస్తే నన్ను కూడా వెంట రానిచ్చేవాడు కాదు. ఆ ఇంటివాడికి నువ్వు చెబుతావా?"

ఆమె ఏదో చెప్పబోయి ఊరుకుంది. గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

అతను నున్నటి దుంగే కొన్నాడు.

నాన్న పోయాక చేసిన మృదంగాలు రెండూ పగిలాయి. ఇక మిగిలింది ఒక్క విద్వాంసుడు.

"ఇదీ పగిలితే మద్రాసు నుంచే తెప్పించుకుంటానయ్యా బ్రహ్మం" అని ఆయనా చెప్పేశాడు.

ఎండాకాలమంతా దుంగని నీడన ఆరబెట్టాడు. తొలకరి పడ్డాక ఉలి పట్టాడు.

సగం తొలిచేసరికి పైనుంచి కిందిదాకా బీట.

భార్య సూర్యకళ ముక్కలు తీసుకెళ్ళి పొయ్యి పక్కన పేర్చింది.

తెల్లారగానే సామిల్లుకి పరిగెత్తాడు.

"పొట్టు ఏరుకునే ముసలామె ఏదండీ?"

"ఏసమ్మా? పోయి పది రోజులైందండి" అన్నాడు మేస్త్రీ బుల్లిరాజు.

"ఆవిడ చూపించిన మచ్చల దుంగో?"

"ఎవరూ కొనలేదు కదండీ. ఆవిడ శవప్పెట్టెకే కోసి ఇచ్చేశాం."

వీరబ్రహ్మం పొట్టు కుప్ప మీదే కూలబడ్డాడు.

"మా నాన్నుంటే ఇలా అయ్యేది కాదు. దుంగకి ఒక్కసారి చెవి ఆనిస్తే చాలు, ఆయనకి..."

బుల్లిరాజు వింతగా చూశాడు.

"మీ నాన్నగారా? ఆయన వచ్చినప్పుడల్లా అదిగో, ఆ బల్ల మీద కూర్చుని టీ తాగేవారండి. చెవి ఆనించింది ఏసమ్మే."