‘గెట్’ పుస్తకం ఎవరిది?

కాలేజీ హెల్ప్ సెంటర్ బల్ల మీదున్న కొత్త పుస్తకం నిఖిల తెరిచి చూసింది. లోపల ప్రతి వాక్యమూ ఆమెదే, కవరు మీద పేరు మాత్రం నిశాంత్‌ది.

స్పానిష్ మాట్లాడే విద్యార్థులకు ‘గెట్’ అనే ఒక్క ఇంగ్లిష్ క్రియ నేర్పడానికి ఆమె చేత్తో రాసి పంచిన నలభై పేజీలవి. బస్సెక్కినా గెట్, జలుబు చేసినా గెట్, కోపమొచ్చినా గెట్, విషయం అర్థమైనా గెట్. వాళ్ల భాషలో వీటన్నిటికీ వేర్వేరు మాటలు.

గంటలోపే డైరెక్టర్ హెరేరా పిలిచింది. ఆమె పక్కన నిశాంత్. ఈ దేశంలోనే, ఓక్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు, సెంటర్‌లో నిఖిలకు పై ఉద్యోగి.

“ఇతని పుస్తకం కాపీ చేసి నీదని పంచావట. ఈ క్షమాపణ మీద సంతకం పెడితే వార్నింగ్‌తో సరి. లేదంటే కాలేజీ నుంచి తీసేస్తాం. అప్పుడు నీ స్టడీ పర్మిట్ ఏమవుతుందో నీకే తెలుసు.”

నిశాంత్ తెలుగులోకి దిగాడు. “సైన్ చేసెయ్ నిఖిలా. ఈ ఇయర్ మీవాళ్లు వేలల్లో వచ్చారు. ఒకళ్లు పోతే ఎవరూ మిస్ అవ్వరు.”

“మీవాళ్లా? తమరెవరి వాళ్లు సార్?” నిఖిల కాగితాన్ని వెనక్కి తోసి ఇంగ్లిష్‌లో అంది. “సంతకం పెట్టను. పంపించేస్తే పోతాను. దొంగనని మాత్రం రాసివ్వను.”

“ఇండియా నుంచి నిన్నగాక మొన్న వచ్చింది. స్పానిష్ వాళ్ల ఇబ్బంది ఈమెకేం తెలుస్తుంది మేడమ్?” అన్నాడు నిశాంత్.

“ఎటోబికో గోడౌన్‌లో ఎనిమిది నెలలు వాళ్లతో కలిసి పెట్టెలు మోశాను. లంచ్ బ్రేక్‌లో వాళ్లు అడిగినవే రాశాను.” నిఖిల పుస్తకం తెరిచి డైరెక్టర్ ముందు పెట్టింది. “ప్రతి పేజీ పైనా ఒక గుర్తుంది చూడండి. అదేమిటో ఆయన్నే అడగండి.”

నిశాంత్ నవ్వాడు. “తీగ. నేను గీసిన డిజైన్.”

“తీగ కాదు మేడమ్, తెలుగు అక్షరం. ‘శ్రీ’. పేజీ మొదట అది రాయందే మా ఇంట్లో ఎవరికీ చెయ్యి కదలదు.”

హెరేరా అతని వైపు తిరిగింది. “నీదీ ఆ భాషే కదా?”

నిశాంత్ నవ్వు ఆరిపోయింది.

“మాట్లాడటమే వచ్చు మేడమ్, చదవడం రాదు. అక్షరమని తెలిసుంటే అదొక్కటీ ఎత్తకుండా వదిలేసేవాణ్ణి.”