పెట్టెల మేస్త్రీకి ఉత్తరం

"నువ్వే రాయాలమ్మా. ఇంకెవరు రాసినా ముసలాయన మనసు విరుగుతుంది," అన్నాడు మేనేజరు.

టైపిస్టు తలెత్తలేదు. ఆ ముసలాయన ఆమెకు మామగారు. ఈ గాజు జాడీల ఫ్యాక్టరీకి ముప్పై ఏళ్ళుగా చెక్కపెట్టెలు చేసి ఇస్తున్నది ఆయనే.

సరుకు ఎత్తే మనిషి ఊడిన చెక్కనొకదాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పెట్టె పైకెత్తాం. అడుగు కిందే ఉండిపోయింది. ఇరవై నాలుగు జాడీలు గోవిందా! ఈ నెలలో ఇది అయిదోది. చూడు, ఒక్క మేకైనా తిన్నగా దిగిందా? ఎవడో తాగుబోతు చేత కొట్టిస్తున్నాడు మీ మామ."

"ఆయన సుత్తి ఇంకొకర్ని ముట్టుకోనివ్వరు," అందామె.

మేనేజరు అతన్ని బయటికి పంపేసి గొంతు తగ్గించాడు.

"విరిగిన సంగతి ఉత్తరంలో రాకూడదు. పరువున్న మనిషి, తట్టుకోలేడు. అట్టపెట్టెలకు మారుతున్నామని రాయి. అదీ మొదట్లోనే వద్దు. సూది పొడిచే ముందు దూదితో రుద్దుతారు చూడు, అలా రావాలి."

"ఇంట్లో నేనే చెప్తానండీ."

"నోటిమాట చెల్లదు. రిజిస్టరు పోస్టులో వెళ్ళాలి. అది అందేదాకా నువ్వు నోరు మెదపకు."

ఆమె కాగితం ఎక్కించి టైపు కొట్టింది.

మొదటిది చదివి మేనేజరు మొహం చిట్లించాడు. "ఇది ఉత్తరమా, చెంపదెబ్బా?"

రెండోది చదివి నవ్వాడు. "ఇది చూస్తే ఆయన ఇంకో వంద పెట్టెలు పంపుతాడు."

మూడోది చదివి జేబులోంచి కలం తీశాడు. సంతకం పెట్టాడు. ఆమె కవరు అంటించి, పైన తన ఇంటి చిరునామా కొట్టింది.

నాలుగు రోజులు ఆమె ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. భర్తకూ చెప్పలేదు. పొద్దున్నే పెరట్లో సుత్తి చప్పుడు మొదలయ్యేది. ఆమె ఆ చప్పుడు వింటూ జడ వేసుకునేది, వింటూ చెప్పులు తొడుక్కునేది. ఇంకెన్నాళ్ళులే అనుకునేది. సుత్తి లాక్కుంటే ఈ మనిషి బతుకుతాడా అనుకునేది. అంతకుమించి ఏమీ అనిపించేది కాదు.

ఆదివారం సెలవు. సోమవారమూ కడుపునొప్పని సెలవు పెట్టి ఆమె ఇంట్లోనే ఉంది. పదకొండింటికి పోస్టుమాన్ వాకిట్లో కేకేశాడు.

"మేస్త్రీ గారూ! సంతకం!"

మామగారు పెరట్లోంచి వచ్చాడు. సుత్తి చంకలో ఇరికించుకుని సంతకం పెట్టాడు. కవరు కోడలి చేతికిచ్చాడు.

"చదువమ్మా."

ఆమె విప్పి చదివింది.

"గౌరవనీయులైన మేస్త్రీ గారికి. మా సరుకు ముప్పై ఏళ్ళుగా మీ చేతి పెట్టెల్లోనే ఊళ్ళు దాటింది. ఆ మేలు ఈ కంపెనీ మరిచిపోదు. కాలంతో పాటు మేమూ అట్టపెట్టెలకు మారవలసి వస్తున్నందున, వచ్చే నెల నుంచి మీకు ఈ శ్రమ ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నాము..."

తను కొట్టిన మాటలే. గొంతు మాత్రం పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుంది.

చివరిదాకా విని, ఆయన ఇంకోసారి చదవమన్నాడు. ఆమె మళ్ళీ చదివింది. ఆయన గుమ్మం పట్టుకుంటాడేమోనని కుర్చీ దగ్గరికి జరిపింది. ఆయన కూర్చోలేదు.

"ఎవరు రాశారో గానీ, చెయ్యి పట్టుకుని మెట్లు దింపినట్టు రాశారు."

"మామయ్యా, మీరు..."

"నాకేం, రాయిలా ఉన్నాను. భోజనం పెట్టు."

రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. దెబ్బ తగిలినవాడికి ఒళ్ళు తెలియదు, అందుకే అలా తింటున్నాడనుకుంది ఆమె. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. చలికి వేళ్ళు కొయ్యబారినట్టు లోపలంతా మొద్దుబారి ఉంది. గిన్నెలు తీసి, కడిగి బోర్లించింది.

మర్నాడు పెరట్లో సుత్తి చప్పుడు లేదు. ఆమె జడ వేసుకుంది, చెప్పులు తొడుక్కుంది, వెళ్ళిపోయింది.

గురువారం టపా వచ్చింది. ఆఫీసుకొచ్చే ఉత్తరాలన్నీ విప్పి, చదివి, మేనేజరు ముందు పెట్టడం కూడా ఆమె పనే. ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. వాళ్ళ లెక్కలో ఆమె టైపు కొడుతుంది, అంతే.

అన్నిటికన్నా అడుగున ఒక కవరుంది. "మేనేజరు గారి సొంత చేతికి" అని రాసుంది. ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. ఆమె అలవాటుగా అంచు చింపింది. లోపల అరఠావు. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కేసింది. పట్టి పట్టి చదవాల్సి వచ్చింది.

"అయ్యా. ఉత్తరం అందింది. నా పెట్టెలు ఊడిపోతున్నాయని నాకు తెలుసు. మీరు ఆ మాట రాయలేదు, మీ పెద్దమనసు. నాకు మేకు కనపడక రెండేళ్ళయింది. చేత్తో తడుముకుని కొడుతున్నాను. ఎప్పుడో మానాల్సింది. పెట్టెల మేస్త్రీ కోడలని మీరు మా పిల్లకు పనిచ్చారు. పెట్టెలు ఆగితే పని తీసేస్తారని భయపడ్డాను. ఇప్పుడు ఆపింది మీరే కాబట్టి అడుగుతున్నాను, ఆ పిల్లను ఉంచుకోండి. నా కళ్ళ సంగతి మాత్రం మా కోడలికి తెలియనివ్వకండి."