తెరుచుకోని కారు

"ఇంకోసారి నొక్కండి సార్. గట్టిగా."

అతను నొక్కాడు. కారు ఉలకలేదు, పలకలేదు.

"రిమోట్ తాళం మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది. వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"అయితే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. పది నిమిషాల్లో నేనే వస్తాను, ఉండండి," అన్నాడు ఫోన్లో కారు ఎలక్ట్రీషియన్.

అతను ఫోను జేబులో వేసుకుని, అపార్ట్‌మెంట్ కింద పార్కింగులో కారుకు ఆనుకుని నిలబడ్డాడు. తొమ్మిదిన్నర దాటింది. చేతిలో గుడ్డ సంచి, అందులో పసుపు గౌను, కొత్త మేజోళ్లు. రెండు వారాలుగా ఆసుపత్రిలోనే ఉంటున్న భార్య పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పింది. "ఆ గౌనే తీసుకురండి. దానికి అదంటేనే ఇష్టం."

ఫోన్ మోగింది. ఆమే.

"ఎక్కడున్నారు?"

"కిందే ఉన్నాను. తాళం పనిచేయడం లేదు."

"ఏ తాళం?"

"కారుది."

"పదకొండింటికల్లా అన్నారండీ. అందరూ మీకోసమే ఆగారు. ఆటోలో వచ్చేయకూడదూ?"

"కారులోనే వస్తాను."

ఆమె కోప్పడుతుందనుకున్నాడు. "సరే. నిదానంగానే రండి," అని పెట్టేసింది.

ఎలక్ట్రీషియన్ బైకు దిగుతూనే కబుర్లు మొదలుపెట్టాడు. ఎందుకైనా మంచిదని తాళంలో కొత్త బ్యాటరీ వేశాడు. తాళం తిప్పి తిప్పి నొక్కాడు. ఫలితం లేదు.

"దీనికి నోరు బాగానే ఉంది సార్. మీ కారుకే చెవుడు," అని తనే నవ్వుకున్నాడు. తర్వాత తలెత్తి చూశాడు. కారుకు సరిగ్గా పైన, స్తంభానికి ఓ తెల్ల పెట్టె బిగించి ఉంది.

"ఇదెప్పుడు పెట్టారు?"

"నిన్న. గేటు కెమెరాల కోసమట."

"దొరికాడు దొంగ! దీని సిగ్నల్ గోలలో మీ తాళం మాట కారుకు వినపడట్లేదు. భయం లేదు, తాత్కాలికమే."

"ఎంతసేపు ఉంటుంది?"

"కారు ఇక్కణ్ణుంచి కదిలితే చాలు, మామూలైపోతుంది."

"అది కాదు. ఎంతసేపు ఇలా పనిచేయకుండా ఉండగలదు?"

ఎలక్ట్రీషియన్‌కు ప్రశ్న అర్థం కాలేదు. చూపు సంచి మీద పడింది. పైకి పసుపు అంచు కనిపిస్తోంది.

"ఆసుపత్రికన్నారు కదా ఫోన్లో. పాపా?"

"ఊఁ. ఆరేళ్లు."

"డిశ్చార్జా?"

అతను సంచిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "ఇవాళ పంపించేస్తున్నాం."

"ముందే చెప్పొద్దూ! నా బండెక్కండి, దింపేస్తాను. కారు సంగతి తర్వాత చూసుకోవచ్చు."

"వద్దు. మీరు నెమ్మదిగా చూడండి. తొందర లేదు."

ఎలక్ట్రీషియన్ తాళం వెనక మూత జరిపి, లోపల దాగి ఉన్న ఇనుప తాళంచెవి బయటకు లాగాడు.

"ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"లిఫ్టులు బాగుచేస్తాను."

"భలేవారే! అంతంత యంత్రాలు విప్పి బిగించే మనిషి, ఈ బుల్లి మూత తీసి చూడలేకపోయారా?"

అతను ఇనుప చెవి తలుపు రంధ్రంలో తిరగడం చూస్తూ నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది.

"కూర్చోండి. తాళాన్ని స్టార్టు మీటకు తాకించి పట్టుకోండి. అంత దగ్గరగా ఉంటే ఏ గోలా అడ్డు రాదు. ఇప్పుడు నొక్కండి."

అతని వేలు మీట మీద ఆగింది.

"నొక్కండి సార్."

నొక్కాడు. మొదటిసారికే ఇంజిన్ అందుకుంది.

"ఒకసారి ఆపి చూద్దామా?" అన్నాడతను.

ఆపాడు. మళ్లీ నొక్కాడు. స్టార్టయింది. మళ్లీ ఆపాడు. మళ్లీ స్టార్టయింది.

"ఇక మొరాయించదు సార్, హామీ నాది. బయల్దేరండి, పాప ఎదురుచూస్తూ ఉంటుంది."

అతను స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. భుజాలు అదురుతున్నాయి. ఎలక్ట్రీషియన్ కిటికీలోంచి చేయి పెట్టి వీపు తట్టాడు. "నాకూ ఉన్నారు సార్ పిల్లలు. ఇన్నాళ్లూ బిగబట్టుకుని ఉంటారు, ఇవాళ్టితో తేలికపడతారు."

ఫోన్ మోగింది.

"తాళం..." అంది భార్య.

"బాగైపోయింది."

ఆమె వెనకాల ఏదో యంత్రం ఒకే లయలో కూస్తోంది. ఇద్దరూ దాన్నే వింటూ ఉండిపోయారు.

"నేను సంతకం పెట్టేశానండీ," అంది చివరికి.

పాప వెంటిలేటర్ ఆపడానికి ఇక తండ్రి సంతకం ఒక్కటే మిగిలింది.