మూడు బస్తాల ఎండుటాకులు

పొద్దున ఎనిమిదింటికి హాల్లో మూడు బస్తాల ఎండుటాకులు పరిచి ఉన్నాయి. తొమ్మిదింటికి ఒక్క ఆకు లేదు.

"చెత్త కదమ్మా, ఊడ్చేశాను," అంది హాలు ఆయా. పైగా తడిగుడ్డ కూడా పెట్టింది. నేల ముఖం చూసుకునేలా మెరుస్తోంది. ఎవరైనా మెచ్చుకుంటారేమోనని చీపురు పట్టుకుని నిలబడే ఉంది.

అవి డెకరేటర్ పెళ్ళి అలంకరణ కోసం తెచ్చినవి. ఎరుపువి, పసుపువి, ఇటుక రంగువి వేరువేరుగా ఏరి, పదిహేను రోజులు పాత పేపర్ల మధ్య ఆరబెట్టిన ఆకులవి. ఆకురాలే కాలంలో అడవి మధ్య పెళ్ళి జరుగుతున్నట్టు ఉండాలన్నది ప్లాను. ఇప్పుడు ఆసుపత్రి వరండాలో జరిగేట్టుంది.

"ఎక్కడ పోశావు?"

"వెనక చెత్తడబ్బాల్లో."

"లారీ వచ్చిందా?"

"ఇంకా రాలేదు."

"బతికించావు తల్లీ."

ఆ తర్వాత రెండు గంటల సేపు డెకరేటరూ, ఆమె నిచ్చెన పట్టుకునే మనిషీ, ఆయా, ముగ్గురూ చెత్తడబ్బాల్లో తలలు దూర్చి ఆకులు ఏరారు. కాగితం కప్పులూ అరటితొక్కలూ ఒక పక్క, అలంకరణ ఒక పక్క. "ఇంతకంటే మంచివి మా వీధిలో ఎన్ని కావాలంటే అన్ని. ఒక మాట చెప్తే తెచ్చేదాన్నిగా," అని ఆయా సణుగుతూనే ఉంది.

పదకొండుకి రిజిస్ట్రార్ వచ్చాడు. అసలాయన సెలవు పెడితే బదులుగా వచ్చినాయన. ఇక్కడ ఎవరి ముఖమూ ఎరగడు, ఎరుగుదామన్న సరదా కూడా లేదు. చంకలో రిజిస్టరు, చూపు గడియారం మీద. బల్ల మీద పరిచిన గోనెపట్టనీ, వంకర గుమ్మడికాయల్నీ, చుట్టూ పేర్చిన ఎండుగడ్డి మోపుల్నీ ఓసారి కలయజూశాడు.

"ఇది పెళ్ళా, పశువుల కొట్టమా?"

"సహజంగా ఉండాలనండీ," అంది డెకరేటర్ నిచ్చెన మీంచి. ఎండుకొమ్మలతో నిలబెట్టిన ఆర్చికి ఇటుక రంగు చామంతులూ, గడ్డి కంకులూ, ఆకుల గుత్తులూ జనపనార తాడుతో కడుతోంది. కుడివైపు నిండింది. ఎడమ మూల ఇంకా బోసిగా ఉంది.

"పెళ్ళికూతురేది?"

"వస్తుందండీ."

"గదిలోకి తొంగి చూశాను. బట్టలు మంచం మీదున్నాయి, మనిషి లేదు." రిజిస్ట్రార్ రిజిస్టరు తెరిచాడు. "మూడుసార్లు వాయిదా పడిన పెళ్ళి ఇది. మూడుసార్లూ అమ్మాయే తేదీ మార్చమంది. ఈ దరఖాస్తు గడువు ఇవాళ్టితో సరి, నేను పన్నెండు దాకానే ఉంటాను. ఇలాంటివి చాలా చూశాన్లెండి. ఏ వెనక గేటు నుంచో చెక్కేసుంటుంది."

"ఎక్కడికీ పోలేదండీ. కాకపోతే మహా పేచీకోరు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, ఇంత ప్రాణం తీసిన మనిషిని చూడలేదు. ప్లాస్టిక్ పువ్వు ఒక్కటి కనపడకూడదట. ఆకులన్నీ రాలినవే కావాలట, కోసినవి పనికిరావట."

"గుమ్మడికాయలు నాలుగుసార్లు మార్పించింది," అన్నాడు నిచ్చెన పట్టుకున్న మనిషి. ఆరేళ్ళుగా ఆ నిచ్చెనే పట్టుకుంటున్నాడు. ఇవాళ కొత్త చొక్కా వేసుకొచ్చాడు పాపం, దాని మీద అప్పుడే అరటితొక్క మరక.

పెళ్ళికూతురి తల్లి గుమ్మంలోకి వచ్చింది. బయట తోటలో చుట్టాలు ఎండకి మాడుతున్నారు.

"ఇంకా ఎంతసేపే?" అని డెకరేటర్‌ని కసిరింది. ఆవిడ ఈ డెకరేటర్‌తో మొదట్నుంచీ అంతే. గౌరవమూ లేదు, గాడిదగుడ్డూ లేదు.

"అమ్మా, మీ అమ్మాయి వస్తుందా, రాదా?" అన్నాడు రిజిస్ట్రార్.

"నన్నడక్కండి. అది నా మాట ఎప్పుడు విని చచ్చింది గనక? ఆ డెకరేటర్నే అడగండి," అని విసవిసా వెళ్ళిపోయింది.

గడియారంలో పదకొండూ నలభై. రిజిస్ట్రార్ కుర్చీలో కూలబడి కాలు ఊపుతున్నాడు.

"ఇవాళ కూడా కాకపోతే పెళ్ళికొడుకు ఇంక ఆగడట," అన్నాడు నిచ్చెన మనిషి, తల ఎత్తకుండా.

తాడు ముడేస్తున్న చేయి ఆగింది. "అలా అన్నాడా?"

"పొద్దున గడ్డం గీసుకుంటూ అన్నాడు. నా చెవులారా విన్నాను."

"కోపంగానా?"

"కోపంగా అంటే బాగుండును. నెమ్మదిగా అన్నాడు."

డెకరేటర్ ఎడమ మూల వైపు చూసింది. ఆఖరి గుత్తి కట్టకుండా ఆమె నిచ్చెన దిగదు. ఒకసారైతే పెళ్ళి అయిపోయి, అందరూ భోజనాలకి లేచాక కూడా దిగలేదు. ఇప్పుడు కొంగులో ఇంకా ఆరు గుత్తులున్నాయి. ఆ బోసి మూలని చూస్తుంటే ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది.

"పన్నెండుకి ఐదు నిమిషాలుంది. మూసేస్తున్నాను," అన్నాడు రిజిస్ట్రార్ లేస్తూ.

ఆరు గుత్తులూ ధభాలున కింద పడ్డాయి. వాటి వెనకే ఆమె నిచ్చెన దిగింది.

"ఆ మూల అలాగే ఉండిపోయిందే!" అంది ఆయా.

"ఉండనీ. ఊడ్చెయ్యకు, చాలు."

జుట్టులో ఇరుక్కున్న ఆకు కూడా తీసుకోకుండా డెకరేటర్ బల్ల దగ్గరికి పరుగెత్తి, రిజిస్ట్రార్ చేతిలోంచి పెన్ను లాక్కుని, వధువు అని ఉన్న చోట గబగబా సంతకం పెట్టి, వరుడి సంతకం కోసం ఆ పెన్నుని నిచ్చెన మనిషికి అందించింది.