నిఖార్సైన కొలత

అంకె మళ్లీ చెడింది.

తెర ముందు కూర్చున్న ఇంజినీరు పళ్లు నూరాడు.

అందరూ అతన్ని సెకను సారు అంటారు. కంప్యూటరు నుంచి కంప్యూటరుకి కబురు ఎంత వేగంగా చేరుతుందో కొలవడం అతని పని. వందల కంప్యూటర్లు కలిసి ఒకే లెక్క చేసే చోట ఒక్క కబురు ఆలస్యమైతే చాలు, మిగతావన్నీ చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

ఈ కంప్యూటర్ కేంద్రానికి కొత్త నెట్‌వర్క్ వేసింది అతని కంపెనీయే. మధ్యాహ్నంలోగా కొలత సరిగా రాకపోతే మొత్తం పీకేసుకుని పొమ్మన్నారు. అదే జరిగితే ముందు ఊడేది తన ఉద్యోగం.

వెతగ్గా వెతగ్గా దొంగ దొరికింది. ఎవరిదో చిన్న ప్రోగ్రాం. మాటిమాటికీ లేచి, దారి నిండా కబుర్లు గుమ్మరించి, మళ్లీ పడుకుంటోంది.

"ఇది ఎవరిదో గాని వెంటనే ఆపండి" అని సందేశం పెట్టాడు.

జవాబుకి బదులు మనిషే వచ్చింది. నెరిసిన జుట్టు, నీళ్లోడుతున్న రెయిన్‌కోటు.

"అది నాదే బాబూ. ఆపకండి."

"ఏం చేస్తుందమ్మా అది?"

"ఎగువన ఏట్లో నీళ్లెంతున్నాయో చూసి, దిగువ వీధుల్లోకి ఎప్పుడొస్తాయో లెక్క కడుతుంది. బయట వాన చూశారుగా?"

"నీటి శాఖలో చేస్తారా?"

ఆమె కాస్త తటపటాయించింది. "ఆ పనే చూస్తాను."

"అయితే మీ పై అధికారి చేత నాకో మాట చెప్పించండి."

"ఇప్పటికిప్పుడు ఎవరు చెబుతారు బాబూ?"

సెకను సారు లోలోపల నవ్వుకున్నాడు. ఓ ముక్కిపోయిన ప్రోగ్రాం అడ్డం పెట్టుకుని కుర్చీ కాపాడుకుంటోంది, పాపం.

"ఒక్క గంట ఆపుతాను. కొలత అవగానే నేనే మళ్లీ వేస్తాను. అంతలో ఏరేమీ పారిపోదులెండి."

"పారిపోదు. వస్తుంది."

"అబ్బ, గంటేనమ్మా!"

"మరిచిపోరుగా?"

"సెకన్లు కొలిచేవాణ్ణి, గంట మరిచిపోతానా?"

ఆమె రెయిన్‌కోటు బొత్తాలు పెట్టుకుంది. "అయితే అందాకా నేనే ఏటి దగ్గర నిలబడతాను."

ఆమె గడప దాటగానే ప్రోగ్రాం ఆపేశాడు.

ఈసారి అంకె కడిగిన ముత్యంలా వచ్చింది. నిఖార్సైన కొలత!

"బతికించావయ్యా సెకను సారూ!" అంటూ మేనేజరు వాటేసుకున్నాడు. సంతకాలయ్యాయి. అందరూ కలిసి అతన్ని భోజనానికి ఎత్తుకుపోయారు. ఆ సందడిలో ఆ చిన్న ప్రోగ్రాం సంగతి బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

సాయంత్రం అక్క ఫోను చేసింది. ఆమె ఇల్లు ఏటి గట్టు కింది వీధిలోనే.

"ఒరేయ్, వీధి వీధంతా మునిగిందిరా! మేం మేడెక్కాం. పిల్లలు బాగానే ఉన్నారు."

"ముందే తెలియలేదా అక్కా?"

"ఎప్పుడూ సైరన్ మోగేదిగా, ఇవాళ మోగి చావలేదు! ఎవరో రెయిన్‌కోటావిడ పరిగెత్తుకొచ్చి ఇంటింటికీ తలుపులు బాదింది. పిచ్చిదేమోనని తిట్టాం కూడా. మమ్మల్ని మేడెక్కించి, పక్కింట్లో మంచం పట్టిన మామ్మ కోసం వెళ్లింది. ఇద్దరూ బయటికి రాలేదురా."

అతను పరుగున వెళ్లి ప్రోగ్రాం వేశాడు.

అది లేచి, లెక్క కట్టింది. దూరంగా ఏటివైపు సైరన్ మోగడం మొదలైంది.

మర్నాడు నీళ్లు తగ్గాక ఇద్దరూ దొరికారు. సెకను సారు నీటి శాఖకి ఫోను చేశాడు. ఆవిడ ఎలా ఉంటుందో, ఏ ప్రోగ్రాం నడిపేదో చెప్పాడు.

"మీ ఉద్యోగే కదండీ. ఇంట్లోవాళ్లకి కబురు చెయ్యాలి."

అవతలి మనిషి పాత రికార్డులు తిరగేశాడు.

"మా ఉద్యోగి కాదండీ. ఆ విభాగం ఎత్తేసి, ఆవిణ్ణి ఇంటికి పంపేసి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచీ ఆ సైరన్ ఆ కంప్యూటర్ కేంద్రం వాళ్లే మోగిస్తున్నారనుకున్నాం."